రెండు వారాలకోసారి చెయ్యి మార్చిన బ్యాక్‌స్వింగ్

2023 జనవరి. పెర్త్‌లో మధ్యాహ్నం బయట నిలబడితే బూట్ల అడుగు నుంచి కూడా వేడి తగిలే రోజులు. పియారా వాటర్స్‌కి దగ్గర్లో ఉన్న ఒక డ్రైవింగ్ రేంజ్‌లో నేను గోల్ఫ్ కోచ్‌ని. రేంజ్ అంటే పోటీలు ఆడే మైదానం కాదు, సాధన చేసే చోటు. రేకుల కప్పు కింద వరసగా బేలు, అంటే ఒక్కొక్కరు నిలబడి కొట్టే అరలు, ఉంటాయి. ఒక్కో బేలో ఒక మ్యాట్, ఒక బుట్టెడు బంతులు. ఎదురుగా ఉన్న పచ్చిక మీదకి కొడుతూ ఉండటమే పని. తెనాలిలో మా పిన్ని మాత్రం నేను ఇక్కడ కార్లు నేర్పుతున్నానని అందరికీ చెబుతుంది. దిద్దీ దిద్దీ నేనే మానేశాను.

చదువుకోవడానికి వచ్చి, ఈ రేంజ్‌లోనే బంతులు ఏరే పనికి కుదిరి, ఆట మీద మోజు పుట్టి, శిక్షణ పూర్తిచేసి కోచ్‌నయ్యాను. ఇన్నేళ్ళలో వందల చేతులు చూశాను. చెయ్యి లేచే తీరు చూసి మనిషి ఎలాంటివాడో చెప్పగలనని నాకో గర్వం ఉండేది. ఆ గర్వానికి నా అనుమానం తోడై ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చింది.

ఆయన పేరు రాజశేఖర్. నెల్లూరు మనిషి, నలభై ఏడేళ్ళు, ఒక కంపెనీలో ఐటీ మేనేజరు. మొదటి శనివారం పొద్దున్నే భార్య మాధవి గారు ఆయన్ని వెంటబెట్టుకొచ్చి నాకు అప్పగించి వెళ్ళారు. బళ్ళో చేర్చినట్టే ఉంది.

"ఏప్రిల్‌లో ఆఫీసు వాళ్ళతో ఆడాలమ్మా శిరీషా," అన్నారాయన. "పోయినసారి నా బ్యాక్‌స్వింగ్ చూసి మా డైరెక్టరు నవ్వు ఆపుకోలేక గోల్ఫ్ బండి ఎనక్కి పోయి దాక్కున్నాడు. నువ్వు ఆ నవ్వొక్కటి ఆపితే చాలు, నాకు కప్పులేం వద్దు."

బ్యాక్‌స్వింగ్ అంటే బంతిని కొట్టేముందు కర్రను వెనక్కీ పైకీ తీసుకెళ్ళే కదలిక. కర్రను మేం క్లబ్ అంటాం. కుడిచేతి ఆటగాడైతే ఎడమ చెయ్యి దాదాపు నిటారుగా, ఛాతీని ఆనుకుని వెళ్ళాలి. కుడి మోచెయ్యి మడిచి నేలవైపు చూడాలి. ఈ రెండూ కుదిరితే సగం ఆట వచ్చినట్టే. రాజశేఖర్ గారి ఎడమ చెయ్యి సగం దారిలో విల్లులా వంగి, ఛాతీని వదిలేసి గాల్లోకి లేచేది. కొత్తవాళ్ళలో సర్వసాధారణమైన తప్పు. నెల రోజుల్లో సరిచేస్తానని మాటిచ్చాను.

దీనికి టవల్ డ్రిల్ అని ఒకటుంది. రెండు చంకల్లో ఒక టవల్ ఇరికించుకుని, అది జారిపోకుండా స్వింగ్ చెయ్యాలి. చేతులు ఒంటికి దగ్గరగా ఉండటం అలవాటవుతుంది. టవల్ ఇవ్వబోతే ఆయన ఒకడుగు వెనక్కి వేశారు.

"టవలొద్దులే అమ్మా. చెమట."

ముప్పై ఎనిమిది డిగ్రీల్లో ఒంటికి అతుక్కుపోయిన పొడుగు చేతుల బిగుతు చొక్కా వేసుకొచ్చిన మనిషి చెమట సంగతి మాట్లాడుతున్నాడు. ఆ చొక్కా ఎందుకండీ అంటే, "ఈ దేశం ఎండ మంచిది కాదమ్మా, చర్మానికి చెరుపు," అన్నారు. మేమున్నది కప్పు కింద. ఆ సంగతి మనసులో గుర్తు పెట్టుకున్నాను.

ప్రతి క్లాసులో స్వింగ్‌ను వీడియో తీసి దాచుకోవడం నా అలవాటు. మొదటి రెండు శనివారాలూ తప్పు ఎడమ చేతిదే. మూడో శనివారం ఎడమ చెయ్యి చక్కగా, గీత గీసినట్టు వెళ్ళింది. నేను పొంగిపోయేలోపు చూద్దును కదా, కుడి మోచెయ్యి పక్కటెముకలకి దూరంగా పక్షి రెక్కలా పైకి లేచింది. దీన్ని ఫ్లయింగ్ ఎల్బో అంటారు. అంతకుముందు ఆయనకి ఆ జబ్బు లేనేలేదు. నాలుగో శనివారమూ అదే. ఐదో శనివారం కుడి మోచెయ్యి బుద్ధిగా కిందికి దిగింది, ఎడమ చెయ్యి మళ్ళీ వంగింది.

మనిషికి ఒక తప్పు ఉంటుంది, దాన్ని దిద్దుకోవడానికి ఏడాది పడుతుంది. రెండు వారాలకోసారి చెయ్యి మార్చుకునే తప్పు నేనెక్కడా చూడలేదు. ఎవరో ఇంకో కోచ్ ఆయనకి పాఠాలు చెబుతున్నాడని నాకు గట్టి అనుమానం కలిగింది. ఒకడు ఎడమ చేతిని సరిచేస్తాడు, కుడి చేతిని పాడుచేస్తాడు, నేను దిద్దేసరికి మొదటిది చెడుతుంది. ఉన్నమాట చెప్పాలంటే మనవాళ్ళు తెలుగమ్మాయి దగ్గర గోల్ఫ్ నేర్చుకుని, అది సరైనదో కాదో తెల్లవాళ్ళ దగ్గర చూపించి ఖాయం చేసుకుంటారు. నాకది కొత్త కాదు, కానీ ప్రతిసారీ మండుతుంది.

పైగా ఆ ఫోను. బ్యాగు మీద నాకు కనపడకుండా బోర్లా పెట్టేవారు. అది మాటిమాటికీ వణికేది. వణికినప్పుడల్లా తీసి ఒక్క చూపు చూసి మళ్ళీ బోర్లించేవారు. అంతకు ముందు ఏడాది ఒకాయన నా పాఠమంతా దొంగతనంగా రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులోని ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, నేను చెప్పింది తప్పని నాతోనే వాదించాడు కూడా. ఆ చేదు ఇంకా నోట్లోనే ఉంది.

ఒకరోజు అడిగేశాను. "రాజశేఖర్ గారూ, క్లాసు రికార్డు చేస్తున్నారా?"

"ఛ ఛ, అదేం మాటమ్మా. ఆఫీసు మెసేజీలు," అన్నారు. ఆయన చెయ్యి అసంకల్పితంగా భుజం కిందికి వెళ్ళింది, ఏదో ఉందో లేదో చూసుకున్నట్టు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత అక్షరాలా కళ్ళముందు కనపడింది. దొరికాడనుకున్నాను. ఏం దొరికిందో మాత్రం తెలియదు.

ఇక మూడో సంగతి. క్లాసు మధ్యలో "ఒక్క నిమిషం" అని కారు దగ్గరికి వెళ్ళేవారు. వచ్చేటప్పుడు నోట్లో ఏదో నములుతూ వచ్చేవారు. ఒక్కోసారి ముఖం నిండా చెమట, ఒక్కోసారి చిరాకు. శనివారం పొద్దున పది గంటలకి కారులో సీసా, వాసన తెలియకుండా నోట్లో చూయింగ్ గమ్. చూడనిదంతా ఇలా నాకు నేనే పూరించుకున్నాను.

ఆయన తరువాతి క్లాసు సునీత అనే ఆవిడది. మనవాళ్ళే, రాజశేఖర్ గారి పక్క వీధిలో ఉంటారు. ఒక శనివారం ఆయన తూలినట్టుగా వెళ్ళడం చూసి, "ఆయనకేమైంది?" అని అడిగింది. నేను గ్లవ్ తొడుక్కుంటూ, "పొద్దున్నే వేసుకొస్తారనుకుంటా. ఎవరితోనూ అనకండి," అన్నాను. ఆ చివరి మాటకున్న విలువెంతో నాకు తెలియనిది కాదు.

ఫిబ్రవరి ఆఖరి శనివారం. ఆ రోజు ఆయన పద్ధతే వేరుగా ఉంది. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. వేళ్ళు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. మూడుసార్లు కొడితే క్లబ్ మూడుసార్లూ మ్యాట్‌నే తాకింది. నాలుగోసారి చేతిలోంచి జారి పక్క బేలోకి పోయింది. అక్కడ ఒక పదేళ్ళ పాప ఆడుకుంటోంది. తగల్లేదు, అదృష్టం.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు తాగి వచ్చారు. నా దగ్గర ఇవన్నీ కుదరవు. క్లాసు అయిపోయింది, వెళ్ళండి," అన్నాను.

ఆయన నావైపు చాలాసేపు చూశారు. నేనన్నది అర్థం కానట్టుంది. "తాగలా," అన్నారు మెల్లగా. తర్వాత తాళాలు తీసుకుని కారు వైపు నడిచారు. నేను ఆపలేదు. తాగాడని నమ్ముతూ కూడా తాళాలు లాక్కోలేదు. నా కోపం అలాంటిది. ఇప్పటికీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

బ్యాగూ ఫోనూ మ్యాట్ మీదే వదిలేశారు. ఆయన పది అడుగులు వేశారో లేదో ఫోను గట్టిగా కూత పెట్టింది. ఎప్పుడూ వచ్చే వణుకు కాదది, అంబులెన్సు లాంటి అరుపు. దాని నోరు నొక్కుదామని తిరగేశాను. తెర నిండా ఎరుపు. మధ్యలో 2.7 అని ఒక అంకె, మన దేశం లెక్కలో యాభైకి లోపు, పక్కనే కిందికి దిగుతున్న బాణం, దాని కింద ఒంట్లో చక్కెర పడిపోయిందని ఇంగ్లీషులో రెండు మాటలు, 'లో గ్లూకోజ్'. బ్యాగు పక్క జేబులో సగం ఖాళీ అయిన జెల్లీ బీన్స్ తీపి బిళ్ళల ప్యాకెట్టు, ఆయన నములుతూ వచ్చేది ఇవేనన్నమాట.

ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. ఆయన అప్పటికే ఇంజను స్టార్ట్ చేశారు. డోరు తీసి, ఇంజను ఆపి, తాళాలు లాక్కున్నాను. "నా తాళాలు ఇయ్యి," అని గొడవపడ్డారు, చెయ్యి విసిరారు. కెఫె కౌంటరు అమ్మాయిని కేకేస్తే తియ్యటి లెమనేడ్ డబ్బా తెచ్చింది. చిన్నపిల్లాడికి పట్టినట్టు గుక్కగుక్కగా తాగించాను. పావుగంట పట్టింది. కళ్ళల్లోకి మనిషి తిరిగొచ్చాడు. మొదట అడిగింది, "నేనేమన్నా అన్నానా అమ్మా నిన్ను?" అని. నాకు ఏడుపొచ్చింది.

చెమటకి తడిసిన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించారు. కుడి దండ వెనకవైపు, పాత రూపాయి బిళ్ళంత తెల్లటి సెన్సర్ అతికించి ఉంది. ఒంట్లో చక్కెర ఎంతుందో కనిపెట్టి ఫోనుకి పంపుతుందట. రెండు వారాలకోసారి కొత్తది వేసుకోవాలి, ఒకసారి ఎడమ చేతికి, ఒకసారి కుడి చేతికి.

నాకు వీడియోలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఎడమ చెయ్యి ఛాతీ మీదుగా సాగితే ఆ బిగుతు చొక్కా వెనక నుంచి సెన్సర్‌ను లాగుతుంది, అందుకని చెయ్యి వంచేవారు. కుడి చేతికున్నప్పుడు మోచెయ్యి పక్కటెముకలకి రాసుకుంటే ఊడిపోతుందని రెక్కలా ఎత్తేవారు. ఒకసారి నిజంగానే ఊడి నెత్తురు వచ్చిందట. ఇంకో కోచ్ ఎవరూ లేడు. ఉన్నదల్లా ఆ చొక్కా, అది కూడా నేను చూడకూడదని వేసుకున్న చొక్కా.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు మనమ్మాయివి కదా," అన్నారు. "తెల్ల కోచ్ అయితే మొదటి రోజే చెప్పుండేవాణ్ణి. మా ఫ్రెండు ఒకాయనకి షుగర్ అని తెలిసినాక, ఏ ఇంటికి భోజనానికి పోయినా పది మంది ఆయన ప్లేటు చుట్టూనే. అన్నం తగ్గించమనేవాళ్ళు ఐదుగురు, కాకరకాయ రసం చెప్పేవాళ్ళు ఐదుగురు. తర్వాత్తర్వాత పిలవడమే మానేసినారు. నేను మూడేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉండా. ఈ పొద్దు సూది వేసుకుని, లేటయిందని టిఫిను తినకుండా వచ్చినా."

మాధవి గారికి ఫోన్ చేశాను. ప్రమాదం తప్పింది, లెమనేడ్ తాగించాను అని చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. తర్వాత, "అక్కడ మనోళ్ళు ఎవరన్నా చూసినారా?" అని అడిగారు. మరుక్షణం ఏడ్చేశారు. పది నిమిషాల్లో దోసెల పిండి చేతులతోనే వచ్చి, ఆయన పక్కన కూర్చుని అరటిపండు ఒలిచి పెట్టారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఎవరికీ చెప్పబాకు తల్లీ," అన్నారు. చెప్పనన్నాను. చెప్పకూడనిది ముందే చెప్పేశానని మాత్రం అనలేకపోయాను.

మూడు వారాల తర్వాత ఆయన క్లాసుకి వచ్చారు. పొట్టి చేతుల వదులు చొక్కా, చేతి మీద తెల్లగా సెన్సర్. నేనడగకముందే చెప్పారు. "ఎవరో నన్ను తాగుబోతని పుట్టించినారమ్మా. మా ఇంటిదాకా వచ్చింది. మొన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో అందరి ముందరా చెయ్యి మడిచి చూపిచ్చినా. తాగుబోతు పేరుకన్నా షుగర్ పేరు నయం కదా. ఐదుగురు కాకరకాయ చెప్పినార్లే."

ఆ రోజు టవల్ ఇచ్చాను, చంకల్లో ఇరికించుకున్నారు. ఇన్నాళ్ళూ దయ్యం పట్టినట్టున్న ఆ చేతులు ఎంత హాయిగా వెళ్ళాయో. ఎడమ చెయ్యి నిటారుగా, కుడి మోచెయ్యి నేలవైపు, బంతి చప్పుడు కూడా మారిపోయింది. నేను నేర్పింది అందులో ఏమీ లేదు. ఆ బంతి పడిన చోటు చూసి ఆయన నవ్వుతుంటే ఇక దాచలేకపోయాను.

"ఆ మాట పుట్టించింది నేనేనండీ. సునీత గారితో అన్నాను."

నవ్వు ఆగింది. క్లబ్‌ను నేలకి ఆనించారు. "నేను మూడేళ్ళు దాచుకున్నానమ్మా," అన్నారు. "నీకు రెండు నిమిషాలు పట్టలేదు." తిట్టలేదు. "ఇంకో బంతి పెట్టు," అన్నారు. పెట్టాను. ఆ గంటంతా ఇద్దరం ఆట గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. నాకది అర్థం కావడానికి గోల్ఫ్ కోచ్ ఉద్యోగం కావలసి వచ్చింది. ఇప్పుడు కొత్తవాళ్ళెవరొచ్చినా క్లబ్ పట్టించక ముందు ఎవరూ వినని చోట కూర్చోబెట్టి ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడుగుతాను. లేదంటే సరేనంటాను. కానీ చెయ్యి వంగితే ఇప్పుడు మనిషిని కాదు, ముందు చొక్కాను చూస్తాను.

ఏప్రిల్‌లో ఆయన ఆఫీసు ఆట బాగా ఆడారు, ఎవరూ నవ్వలేదట. ఆ తర్వాత కూడా ఆరు నెలలు క్లాసులకి వచ్చారు, వచ్చిన ప్రతిసారీ మర్యాదగానే మాట్లాడారు. సెన్సర్ అందరికీ కనపడేలా పొట్టి చేతుల చొక్కాలే వేసుకొచ్చేవారు. ఫోను మాత్రం, నేను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, తీసి బోర్లా పెట్టేవారు.