ఇంటిపేర్ల ఆంబ్రోస్

కొత్తమనిషి ఎదురైతే ఆంబ్రోస్ క్యాచ్‌పోల్ బాగున్నారా అని అడగడు. ఇంటిపేరేమిటని అడుగుతాడు. చెప్పారో, అయిపోయినట్టే. వాళ్ల తాతముత్తాతలు ఏ పని చేసి పొట్టపోసుకున్నారో అక్కడికక్కడే విప్పి చెబితేగానీ వదలడు. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్‌లో థార్న్‌బెక్ అనే చిన్న ఊళ్లో ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. కవర్ల మీద పేర్లు చదివీ చదివీ ఈ పిచ్చి పట్టిందని, అతనితోనే ఉంటున్న చెల్లెలు విన్నిఫ్రెడ్ ఊరందరికీ సంజాయిషీ చెప్పుకునేది.

పళ్ల డాక్టరు బార్కర్ అతని నోట్లో పటకారు పెట్టి ఉండగానే, మీ పూర్వీకులు తోళ్లు పదును చెయ్యడానికి చెట్ల బెరడు వలిచేవాళ్లని చెప్పబోయి, పుచ్చిన పన్నుకి బదులు పక్కపన్ను ఊడగొట్టించుకున్నాడు. సైకిలుకి దీపం లేదని కానిస్టేబుల్ స్పెన్సర్ ఆపితే, మీవాళ్లు దొరల ఇళ్లలో వంటసరుకుల తాళాలు చేతపట్టుకు తిరిగినవాళ్లయ్యా అని మొదలెట్టాడు. ఇంట్లో బిస్కెట్ల డబ్బా కూడా భార్య అందనివ్వని ఆ కానిస్టేబుల్ దిగాలుపడిపోయి, కేసు రాయకుండానే పంపేశాడు. స్మిత్‌లంటే మాత్రం అతనికి చిరాకు. స్మిత్ అంటే కమ్మరి అని పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు, ఇంక తను చెప్పడానికేం మిగిలింది?

తన పేరునీ వదల్లేదు. క్యాచ్‌పోల్ అంటే బాకీ తీర్చనివాళ్ల కోళ్లని తరిమి పట్టుకుపోయే జవాను. ఆ సంగతి అతను చెప్పుకునే తీరు చూస్తే, ఏదో రాజ్యం ఏలినట్టే ఉండేది.

ఒక యేడు ఊళ్లో ఓ పెళ్లి ఆగిపోయింది. బట్టలకొట్టు హోరేస్ ఫుల్లర్ దక్షిణాన కెంట్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. అతని కూతురు రోవీనా, బస్సు నడిపే క్లిఫర్డ్ వాకర్‌ని చేసుకుంటానంది. ఫుల్లర్ ససేమిరా అన్నాడు. వాకర్ అంటే నడిచేవాడు, ఇల్లూవాకిలీ లేక ఊరూరా తిరిగిన జనం, వాళ్లకి పిల్లనిచ్చేదేమిటన్నాడు. ఆ మాట క్లిఫర్డ్ తండ్రి సేత్ చెవిన పడింది. దక్షిణాదివాళ్ల నీళ్లటీ కూడా మా గడప తొక్కదు, పిల్ల సంగతి సరేసరి అన్నాడతను. ఆనాటినుంచి రోవీనా, క్లిఫర్డ్ ఆంబ్రోస్ ఇంటి ఎదురుగా బస్‌స్టాపులో, ఒకరినొకరు ఎరగనట్టు ఆ చివరా ఈ చివరా నిలబడేవాళ్లు. విన్నిఫ్రెడ్ కిటికీలోంచి చూసి నిట్టూర్చేది. ఆంబ్రోస్ కూడా వచ్చి ఆమె వెనక నిలబడి చూసేవాడు.

కోతల పండగ విందుకి ఊరంతా చర్చి హాల్లో చేరింది. ఫుల్లర్లు ఒక గోడవైపు, వాకర్లు రెండో గోడవైపు. వంట చేసినవాళ్లకి ధన్యవాదాలు చెప్పమని ఆంబ్రోస్‌ని లేపాడు ఫాదర్. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు.

ధన్యవాదాలు ఒక్క ముక్కలో ముగించి ఆంబ్రోస్ ఇంటిపేర్లలో పడ్డాడు. ఫుల్లరన్నా వాకరన్నా ఒకటే పని, దక్షిణాదివాళ్లొక పేరు పెట్టారు, మనవాళ్లొక పేరు పెట్టారు, అంతే తేడా అన్నాడు. నేసిన ఉన్నిబట్ట జిడ్డు వదిలి చిక్కబడాలంటే దాన్ని బానలో వేసి గంటల తరబడి కాళ్లతో తొక్కాలి. వాకర్ నడిచింది దేశాల వెంట కాదు, బానలో.

"ఆ బానలో నీళ్లనుకునేరు," అన్నాడు చివరికి. "నిలవ మూత్రం. మోకాళ్ల దాకా."

ఫుల్లర్ మొహం బీట్‌రూటయింది. సేత్ వాకర్ తినే పళ్లెం వదిలి లేచిపోయాడు.

మర్నాడు వాన. విన్నిఫ్రెడ్ తలుపు తీసేసరికి ఒకే గొడుగు కింద ఫుల్లర్, సేత్. ఫుల్లర్ మొదలెట్టిన తిట్టు సేత్ పూర్తిచేశాడు, సేత్ తడుముకుంటే ఫుల్లర్ మాట అందించాడు. మా రెండు కుటుంబాల పరువూ తీశావన్నారు ఇద్దరూ. ఆంబ్రోస్ తల వంచుకుని, పొరపాటైంది, క్షమించండి అన్నాడు. టీ వచ్చింది. రెండో కప్పుకి, ఈ పోస్ట్‌మాన్‌కి మతి లేదన్న విషయంలో ఇద్దరికీ పూర్తిగా ఏకాభిప్రాయం కుదిరింది. వెళ్లేటప్పుడు సేత్ గొడుగు ఫుల్లర్ పట్టుకున్నాడు.

విన్నిఫ్రెడ్ తలుపు వేసి అన్న దగ్గరికొచ్చింది. ఇంటిపేర్ల విషయంలో అన్న క్షమాపణ చెప్పడం ఆమె పుట్టి ఎరగదు.

"నువ్వు చెప్పింది నిజమే కదా అన్నయ్యా. పొరపాటన్నావేం?"

"విడివిడిగా వెళ్లి చెబితే చెరో తలుపూ వేసుకునేవాళ్లే విన్నీ. నలుగురిలో ఇద్దరి పరువూ ఒకేసారి తీస్తే, నన్ను తిట్టడానికైనా వాళ్లకి తోడు కావాలి కదా," అన్నాడతను. ఆ పిల్లలు బస్‌స్టాపులో అలా నిలబడటం చూడలేకపోతున్నానని గొణిగి, ఖాళీ కప్పులు తీసుకుని వంటగదిలోకి పోయాడు.

వసంతంలో పెళ్లయింది. నోరెత్తకూడదన్న షరతు మీద ఆంబ్రోస్‌ని పిలిచారు. విందులో ఫుల్లరే లేచి, వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేసి, మేం ఈనాటి చుట్టాలం కాదని గొప్పగా చాటాడు. "మా పెద్దలూ వీళ్ల పెద్దలూ ఒకే బానలో దిగి బట్ట తొక్కారు," అన్నాడు. "కమ్మటి పన్నీటిలో."

ఆంబ్రోస్ కుర్చీలోంచి సగం లేచాడు. అతను పెళ్లికూతురి వైపు ఒకసారి చూశాడు. కూర్చుని, పళ్లెంలో ఉన్న కేకు ముక్క మొత్తం నోట్లో కుక్కుకున్నాడు.