జయంతి ట్యాబూ, ఆశ్రిత ల్యాప్‌టాపూ

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే జయంతికి ఆ పొద్దున ఆంజినప్ప ఫోను చేశాడు. ముదిగుబ్బ దారిలో ఒక పల్లెలో మగ్గం నేస్తాడాయన. ఎప్పుడు మాట్లాడినా ఇంట్లో అందరి బాగోగులూ అడిగిన తర్వాతే పని సంగతి ఎత్తేవాడు. ఆ రోజు నేరుగా విషయానికొచ్చేశాడు.

"జయంతమ్మా, మగ్గం నిలిపేసినా. డిజైనులో తప్పుండాది."

"తప్పా? యాడన్నా?"

"అంచులో. జానెడు నేసినాక అడుగున అద్దం పెట్టి చూసినా. జరీ అంతా ఉయ్యాలలూగుతాండాది. వేలు పెడితే వేలు దూరుతాది. పెండ్లికూతురి గాజు తగిలిందంటే అంచంతా పైకి లేస్తాది."

జయంతికి విషయం అర్థమైంది. నెమలిపింఛం అంచు అది. వారం రోజులు కూర్చుని గీసింది. గీతలో తప్పు లేదు. తప్పు గ్రాఫులో, అంటే ఆ బొమ్మను పోగు లెక్కన గళ్లలోకి మార్చిన చోట ఉంది. జరీ ఎక్కువ దూరం పోయే చోట నడుమ నడుమ దాన్ని పట్టి ఉంచడానికి చుక్కలు పెట్టాలి. ఆ చుక్కలు పెట్టకుండానే గ్రాఫు వేసేశారు. ఆ గ్రాఫు వేసింది ఆమె కాదు.

ఒకప్పుడు అదీ ఆమే వేసేది. నేతగాళ్ల ఇంట పుట్టింది జయంతి. చిన్నప్పుడు వాళ్ల నాయన పక్కన కూర్చుని, గళ్ల కాగితంలో గడి గడికీ పెన్సిలుతో రంగు నింపేది. పెండ్లయి వచ్చిన ఇంట్లో మగ్గం లేదు. భర్త గిరి పట్టునూలుకు రంగులద్దే షెడ్డులో పనిచేసేవాడు. ఆమె పట్టుబట్టి కంప్యూటరు డిజైను నేర్చుకుంది. మగ్గాల దగ్గరికి మోసుకుపోవడానికి వీలుగా ఉంటుందని బరువు లేని ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది. ఆ తర్వాత పెన్నుతో బొమ్మలు గీసే ట్యాబ్ ఒకటి కొంది. పువ్వు వంపు, నెమలి మెడ, తీగ మలుపు ట్యాబ్ మీద చేత్తో గీస్తేనే వచ్చేవి. వాటిని పోగు లెక్కకు తెచ్చి, మగ్గం మీద పోగులెత్తే జకార్డు పెట్టెకు అర్థమయ్యేటట్లు మార్చే పని ల్యాప్‌టాప్‌ది.

ఇంట్లో మాత్రం ఈ తేడా ఎవరికీ ఎక్కలేదు. "ఒగ పనికి రెండు పలకలెందుకమ్మా?" అని అత్త ఈశ్వరమ్మ అడిగేది.

"కత్తెరుండాది గదాని సూది పారేస్తామా అత్తా?" అనేది జయంతి.

అంత గట్టిగా చెప్పిన మనిషే చివరికి ఒకటి వదులుకుంది. గిరి చెల్లెలు నాగలక్ష్మి చిలమత్తూరు దగ్గర సేద్యం చేసుకుంటూ ఉంటుంది. ఆమె కూతురు ఆశ్రితకు అనంతపురం పక్కన ఇంజనీరింగు సీటు వచ్చింది. బుక్కరాయసముద్రంలో హాస్టలులో చేరింది. ఆ ఏడు శెనక్కాయ పంట కాయ ఊరకముందే ఎండిపోయింది. పిల్లకు ల్యాప్‌టాప్ లేనిదే క్లాసులో జరగదు. గిరి భార్యతో, "నీ దగ్గర రెండుండాయి. ఆ పిల్ల దగ్గర ఒగటీ లేదు. ఇంగ నేనేం చెప్పేది?" అన్నాడు. జయంతి రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. మూడో రోజు తానే ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టి ఇచ్చింది. ఊర్లో ఓబిలేష్ అని కంప్యూటరు గ్రాఫులు వేసే మనిషి ఉన్నాడు. ఇకమీదట గీత నాది, గ్రాఫు అతనిది అనుకుంది.

కొన్నేళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు ఇలా వచ్చి పడింది.

జయంతి ఓబిలేష్‌కు ఫోను చేసింది. స్విచాఫ్. షాపుకు పరిగెత్తింది. తాళం. పక్క అంగడి ఆయన, "అత్తగారి ఊర్లో జాతరకు పోయినాడమ్మా, ఆదివారం దాకా రాడు" అన్నాడు. ఇంకో షాపులో ఇద్దామంటే ధైర్యం చాలలేదు. ఈ రోజు ఇస్తే రేపటికి ఆ నెమలిపింఛం ఇంకో నాలుగు మగ్గాలెక్కుతుంది.

నిలబడిన చోటే మళ్లీ ఫోను మోగింది. చీర ఆర్డరిచ్చిన సావుకారు గోపాలయ్య.

"ఏమ్మా, మగ్గం నిలిచిందంట?"

"చిన్న తప్పు సావుకారూ. ఈ పొద్దే సరిచేస్తా."

"చిన్నదో పెద్దదో నాకెందుకు? ముహూర్తం నీ కోసం నిలబడతాదా? ఈ సాయంత్రానికి మగ్గం కదల్లేదంటే చీర అందదు. పెండ్లోళ్ల ముందర నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

ఆయన పెట్టేశాడు. డిజైను సాఫ్ట్‌వేరు ఆశ్రిత దగ్గరున్న ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆశ్రితకు ఫోను చేస్తే ఎత్తలేదు. జయంతి ఇంటికి పోయి ట్యాబ్, పెన్ను, ఓబిలేష్ వేసిన గ్రాఫు ఉన్న పెన్‌డ్రైవు సంచిలో వేసుకుని అనంతపురం బస్సెక్కింది. కిటికీలోంచి వేడిగాలి దుమ్మును మోసుకొచ్చి మొహాన కొడుతోంది. ఎర్రటి చేలలో గొర్రెలు ఏం దొరుకుతుందో వెతుక్కుంటున్నాయి. ఆమె అవేవీ చూడలేదు. నేసిన జానెడు అంచుకు ఆంజినప్ప తీసి పంపిన ఫోటోను ట్యాబ్‌లో పెద్దది చేసి, ఎక్కడెక్కడ చుక్క పడాలో పెన్నుతో ఎర్రగా గుర్తులు పెడుతూ పోయింది. బస్సు కుదుపుకు పెన్ను పక్కకు జారినప్పుడల్లా పళ్లు కొరుక్కుంది.

హాస్టలు మెట్లెక్కేటప్పటికి ఆశ్రిత ఎదురొచ్చింది. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంది.

"అత్తా! ఏమైంది? ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగుండారు పాపా. నాకు ల్యాప్‌టాప్ కావల్ల. ఒగ గంట చాలు."

"ఇప్పుడే గదా అత్తా నా పరీక్ష. కంపెనీవాళ్లు ఉద్యోగానికి పెట్టేది. ఆన్‌లైనులో రాయల్ల. ఇంగ పది నిమిషాల్లో మొదలైతాది."

"కాలేజీలో కంప్యూటర్లుంటాయి గదా?"

"అవన్నీ వేరేవాళ్లకిచ్చినారు. సొంత ల్యాప్‌టాప్ ఉండేవాళ్లు రూముల్లోనే రాయమన్నారు."

జయంతికి లోపల ఏదో భగ్గుమంది. అది నాది. నా కష్టంతో కొనుక్కున్నది. నా పని నిలబడిపోయింది. ఆ మాటలు నాలుక చివరికి వచ్చాయి. ఆశ్రిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల గబగబా గదిలోకి పోయి ల్యాప్‌టాప్ మూసి తెచ్చి, రెండు చేతులతో పట్టి ముందుకు చాపింది.

"తీసుకో అత్తా. నేను మల్లెప్పుడన్నా రాస్తా."

"మల్లా పెడతారా?"

ఆశ్రిత తల అడ్డంగా ఊపింది.

జయంతి చేయి ల్యాప్‌టాప్ అంచుదాకా పోయింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల దాన్ని ఎంత జాగ్రత్తగా పెట్టుకుందో, ఒక్క గీత లేదు. "పో. పోయి రాయి. నేను బయట కూర్చుంటా" అంది. గొంతు కటువుగానే వచ్చింది.

వరండాలో సిమెంటు గట్టు మీద కూర్చుంది. తలుపు మూసుకుంది. గదిలో ఇంకో మనిషి కెమెరాకు కనిపిస్తే పరీక్ష రద్దట. కాసేపటికి గిరి ఫోను చేశాడు. ఆంజినప్ప అతనికీ చెప్పినట్టున్నాడు.

"తీసుకున్నావా?"

"లేదు. పాప పరీక్ష రాస్తాండాది."

"పరీక్షేమి జయా! సావుకారు ఒగసారి చేయి విదిలించినాడంటే ఊర్లో నీకింగెవరిస్తారు పని? తీసుకోనిరా!"

"ఇప్పించింది నువ్వు గదయ్యా."

"ఇప్పించినాను. తప్పే. ఇప్పుడు నేనే చెప్తాండా, తీసుకో."

"తీసుకోను" అని పెట్టేసింది. పెట్టిన తర్వాత తాను చేసింది మంచో చెడో ఆమెకే తెలియలేదు. ఎండ గట్టు మీదికి పాకింది. ఆమె జరగలేదు. ట్యాబ్‌లో చుక్కలు పెడుతూనే ఉంది. కుడి అంచు అయింది. ఎడమ అంచులో సగం అయింది.

అప్పుడు కరెంటు పోయింది.

గదుల్లో ఫ్యాన్లు నిలిచిపోయాయి. ఎక్కడో ఒక పిల్ల "అయ్యో, వైఫై!" అని అరిచింది. ఆశ్రిత గదిలోంచి మాట లేదు. జయంతి లేచి కిటికీ పక్కకు పోయి, కెమెరాకు కనపడకుండా గోడకానుకుని నిలబడింది. లోపల తెర మీద ఏదో చక్రం గిరగిరా తిరుగుతోంది. ఆశ్రిత కదలకుండా కూర్చుని ఉంది. తల తిప్పితే దొంగతనమంటారేమోనని భయం కాబోలు.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, నెట్ లేదు. పరీక్షలో ఆశ్రిత ఫోను ముట్టకూడదు, జయంతి ఫోనులో నెట్ లేదు, నెట్ ఉన్న సిమ్ ట్యాబ్‌లోనే ఉంది. కానీ అందులో బ్యాటరీ ఎర్రగీతకు వచ్చేసింది. నెట్ ఇచ్చిందంటే కాసేపటికి అది చచ్చిపోతుంది. అదే జరిగితే, పెట్టిన గుర్తులు చూసుకోవడానికీ ఉండదు, మిగతావి పెట్టడానికీ ఉండదు.

జయంతి ఎక్కువసేపు ఆలోచించలేదు. హాట్‌స్పాట్ వేసి, ట్యాబ్‌ను కిటికీ గట్టు మీద పెట్టి, "పాపా, తిరగొద్దు. నా ట్యాబ్‌కు కలుపుకో. నా పేరే ఉంటాది" అంది మెల్లగా.

చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక్కసారిగా తెర మళ్లీ వెలిగింది. ఆశ్రిత వేళ్లు కీల మీద టకటకా కదిలాయి. జయంతి ఆ చప్పుడు వింటూ గోడకానుకునే ఉండిపోయింది. నడుమ రెండుసార్లు ఆంజినప్ప, ఒకసారి సావుకారు ఫోను చేశారు. గొంతు లోపలికి వినపడుతుందని ఎత్తలేదు. చూస్తుండగానే ట్యాబ్ తెర నల్లబడింది. ఆ తర్వాత కొంచెంసేపటికే తలుపు తెరుచుకుంది.

"పంపేసినా అత్తా. చివరి లెక్క పంపేటప్పుడు నెట్ ఉండె, అయిపోయినాక పోయింది" అంటూ ఆశ్రిత వచ్చి గట్టిగా పట్టుకుంది. జయంతి ఆ పిల్ల వీపు తట్టింది. "సరే సరే, నడువు. కరెంటుండే చోటు చూపించు."

కూడలి దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో ఇన్వర్టరుంది. ఆ మనిషి ఒక మూల జాగా ఇచ్చాడు. కూర్చోవడానికి ఏమీ లేదు. జయంతి నిలబడే ల్యాప్‌టాప్‌లో గ్రాఫు ఫైలు తెరిచింది. ట్యాబ్ ఛార్జింగుకు పెట్టినా ఎంతకీ లేవలేదు. గుర్తుల కోసం ఆగకుండా మొదటినుంచీ చుక్కలు పెట్టుకుంటూ పోయింది. బస్సులో ఒకసారి చేసిన పని కాబట్టి చేతికి దారి తెలిసిపోయింది. పక్కన ఆశ్రిత నిలబడి, ఎక్కడ జరీ పొడుగ్గా పోతోందో వేలితో చూపించింది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

పెన్‌డ్రైవు పట్టుకుని జయంతి ఆంజినప్ప ఇల్లు చేరేటప్పటికి పొద్దు వాలుతోంది. ఆయన గడపలోనే ఎదురొచ్చాడు. డ్రైవు తీసుకుని జకార్డు పెట్టెలో పెట్టాడు. తప్పుగా నేసిన జానెడులోని పేకను, అంటే అడ్డపోగులను, ఆయన, భార్య తిమ్మమ్మ అప్పటికే ఓపిగ్గా విప్పి పెట్టి ఉన్నారు. మగ్గం కదిలింది. నాలుగు వేళ్ల మేర నేసి, ఆంజినప్ప అడుగుకు అద్దం దూర్చాడు. జయంతి వంగి చూసింది.

"కూర్చుండాదమ్మా" అన్నాడాయన. జరీ పట్టుకు అంటుకుని, తడిపి ఆరేసిన బట్టలా సాపుగా ఉంది. జయంతి అక్కడే నేల మీద కూలబడింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్న సంగతి తిమ్మమ్మ సంగటి ముద్ద తెచ్చి ముందర పెట్టేదాకా గుర్తు రాలేదు.

చీర పెండ్లి ముందు రోజు అందింది. గోపాలయ్య తీసుకున్నాడు గానీ, ఆలస్యానికి కోపం పోలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమెకు పని ఇవ్వలేదు. ఆశ్రితకు ఆ పరీక్షలో ఉద్యోగం రాలేదు. ఆ సంగతి తెలిసిన రోజు గిరి తల గోక్కుంటూ, "ఇంగైతే ల్యాప్‌టాప్ తెచ్చేసుకుందాంలే. నీ పని చెడింది, ఆ పిల్లకూ కలిసిరాలేదు" అన్నాడు.

"ఇంగా పరీక్షలుండాయి పాపకు. తేవద్దు."

"మరి నీకు?"

ఆ ప్రశ్న జయంతి చాలా రోజులు తనలో తాను వేసుకుంది. ట్యాబ్ లేకపోతే బొమ్మ ఆలస్యమవుతుంది. గ్రాఫును మళ్లీ ఓబిలేష్ చేతిలో పెట్టే ధైర్యం లేదు కాబట్టి, ల్యాప్‌టాప్ లేకపోతే పనే లేదు. ఆశ్రితకు ట్యాబ్ ఇచ్చినా దానితో ఆ పిల్లకు జరగదు. ఇద్దరికీ కావలసింది ఒకటే వస్తువు. జయంతి ట్యాబ్‌ను, పెన్నును తీసుకుపోయి అమ్మేసి, వాటికి ఇంకొంచెం కలిపి పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చుకుంది. బండరాయంత బరువుంటుంది. మగ్గాల దగ్గరికి మోసుకుపోతే భుజం లాగుతుంది. పెన్ను అంగడాయన చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం దాని మూతను రెండుసార్లు తీసి పెట్టింది.

ఈశ్వరమ్మ, "ఇప్పుడు ఒగటే గదా, మేలాయె" అంది.

"లేదత్తా. రెండూ ఉన్నప్పుడే మేలుగా ఉండె" అంది జయంతి, చెప్పాల్సిన మాట చెప్పినట్టుగా.

ఇప్పుడామె మళ్లీ కాగితం మీద పెన్సిలుతో గీస్తుంది. ఫోనుతో ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, గ్రాఫు తానే వేసుకుంటుంది. వంపు తప్పితే రబ్బరుతో తుడిచి మళ్లీ గీయాలి. మునుపు వారంలో అయ్యే డిజైనుకు ఇప్పుడు రెండు వారాలు పడుతోంది. పని తగ్గింది గానీ ఆగలేదు. పోయిన నెల గోపాలయ్య మనిషిని పంపి, మామిడిపిందెల అంచు ఒకటి కావాలని అడిగించాడు. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే జయంతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు.