చెప్పకుండా వేసిన పొర

హిగాషి ఒసాకాలో పదకొండు మంది పనిచేసే చిన్న పంపుల షెడ్డు అది. కింద లేతు మిషన్లు, పైన ఆఫీసు. ఆ ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా సాదకత ఫుమియో ఒక్కతే కూర్చుంటోంది. ఫోను ఎత్తేది ఆమే, ఆర్డర్లు రాసేది ఆమే, మూడింటికి అందరికీ బార్లీ టీ కాచేదీ ఆమే. షికోకు దీవిలోని పల్లె నుంచి పద్దెనిమిదో ఏట గుండీల ఫ్యాక్టరీలో పనికని వచ్చింది. అది మూతపడితే ఇక్కడ చేరింది. చదివింది హైస్కూలు వరకే. దస్తూరి మాత్రం ముత్యాలు పేర్చినట్టుంటుంది.

ఆ దస్తూరే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది. ఆ ఏడు వసంతంలో థాయ్‌లాండ్‌లోని ఒక అద్దకపు మిల్లు పన్నెండు పంపులు కావాలంది. పరాయి దేశం నుంచి షెడ్డుకు నేరుగా వచ్చిన మొదటి ఆర్డరు అది. యజమాని మికామి, అందరూ షాచో అని పిలిచే ఆ పెద్దమనిషి, మెట్లెక్కి పైకి వచ్చాడు.

"బయటికి పంపాలంటే ఏవో కాగితాలు రాయాలట, ఫుమియో సాన్. నీ రాత బాగుంటుందిగా, రాసెయ్."

"రాత బాగుంటే చాలా షాచో? తలకాయ కూడా ఉండాలేమో."

"నా తలకాయ చూస్తూనే ఉన్నావుగా. దాని మీద నీది నయం."

ఆ కాగితాలు మామూలువి కావు. బట్టలకు రంగులద్దడానికి పనికొచ్చే పంపే విషవాయువు తయారీకీ ఉపయోగపడవచ్చు. అందుకని కొన్ని రకాల పంపులు ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటకూడదు. మన సరుకు ఆ జాబితాలో ఉందో లేదో మనమే తేల్చి, రాసి, ముద్ర వెయ్యాలి. తప్పని తేలితే ముద్ర వేసినవాళ్లే జవాబుదారీ. ప్రభుత్వం ఆ షెడ్డుకు ఎగుమతులే లేకుండా చెయ్యవచ్చు.

ఫుమియో మూడు వారాలు ఆ నిబంధనలతో కుస్తీ పట్టింది. ఒక వాక్యం మొదలుపెట్టి దాని చివరికి చేరేసరికి మొదలు మరిచిపోయేది. మొత్తానికి ఒకటి అర్థమైంది. ద్రవం తగిలే లోపలి భాగమంతా ఫలానా పదార్థాలతో చేసి ఉంటేనే పంపు జాబితాలోకి వస్తుంది. తమ క్యాటలాగులో స్టెయిన్‌లెస్ స్టీలు అని ఉంది. ఆ పదార్థాల్లో స్టీలు లేదు. "జాబితాలో లేదు" అని రాసి ముద్ర వేసింది. వేసిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు.

వర్తక మండలి పంపే పత్రికలో, చివరి పేజీలో, చిన్న ప్రకటన కనబడింది. ఎగుమతి నిబంధనలు తెలియని చిన్న షెడ్లకు ప్రభుత్వం తన ఖర్చుతో అనుభవజ్ఞుణ్ణి పంపుతుంది, ఐదుసార్ల వరకు.

"ఊరికే వచ్చేదాన్ని మించిన ఖరీదైనది లేదంటారు పెద్దలు. చూసుకో మరి" అన్నాడు షాచో, ఆమె ఆ ప్రకటన చూపిస్తే.

"అయితే డబ్బు పుచ్చుకునేవాణ్ణి పిలవమంటారా?"

షాచో టీ తాగేసి కిందికి దిగిపోయాడు.

జూన్‌లో, ముసురు వానలో వచ్చాడు ప్రభుత్వం పంపిన కుజే. ఒక వర్తక సంస్థ ఎగుమతి విభాగంలో ముప్ఫై అయిదేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. గుమ్మంలో గొడుగు దులిపి, సంచిలోంచి పొడి మేజోళ్లు తీసి మార్చుకుని మరీ లోపలికి అడుగుపెట్టాడు. ఫుమియో రాసిన కాగితం మీద స్కేలు పెట్టి, ఒక్కో వరుసే కిందికి జరుపుతూ చదివాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చుంది.

"మీరొక్కరే రాశారా?"

"తప్పులున్నాయా, సెన్సే?" అంది, పంతులుగారిని అడిగినట్టు.

"ఇంత శుభ్రంగా రాసినవి పెద్ద కంపెనీల్లో కూడా తక్కువే చూశాను. ఏదీ, ఒక పంపు చూపించండి."

"క్యాటలాగు పక్కనే పెట్టానుగా."

"ఓడ ఎక్కేది క్యాటలాగు కాదుగా తల్లీ."

కింద పంపులు బిగించేది ఇసోబె. డెబ్బై రెండేళ్లు. ఫుమియోను చిన్నపిల్లను పిలిచినట్టు ఫుమిచాన్ అని పిలిచే మనిషి ఆ షెడ్డులో ఆయనొక్కడే. తొమ్మిది పంపులు అప్పటికే పెట్టెల్లోకి ఎక్కాయి. పదోదాని మూత విప్పి, చంటిబిడ్డను చూపించినట్టు చూపించాడు. లోపల స్టీలు కనబడలేదు. అంతా తెల్లగా, నున్నగా ఉంది.

కుజే కళ్లజోడు పైకి తోసి వంగి చూశాడు. "ఇది స్టీలు కాదే."

"స్టీలే. దాని మీద పొర వేశాను. నాన్‌స్టిక్ పెనం మీద ఉంటుందే, ఆ జాతిదే. ఆమ్లం దాన్ని ఏమీ చెయ్యదు."

"ఆర్డరులో అడిగారా?"

"అడగలేదు. మిల్లువాళ్లు వాళ్ల పాత పంపు ఫోటో పంపారు. చెదలు తిన్నట్టు తినేసింది ఆమ్లం. చూస్తూ చూస్తూ ఒట్టి స్టీలు పంపడానికి సిగ్గేసింది."

"ఎవరికైనా చెప్పారా?"

"చెప్పడమెందుకు? ఇంకో యెన్ అడగడానికా?"

ఆ వీధిలో పాతతరం పనివాళ్లందరిదీ అదే తీరు. డ్రాయింగులో ఉన్నదానికంటే ఒక మెట్టు పైన చేసి, నోరు మూసుకుని పెట్టెలో సర్దేస్తారు. చేసిన మంచి చెప్పుకుంటే సగం తరిగిపోతుందని వాళ్ల నమ్మకం. ఆ పొర మాత్రం జాబితాలో ఉన్న పదార్థం. పంపు లోపలంతా అదే. అంటే పన్నెండు పంపులకూ అనుమతి కావాలి. ఫుమియో ముద్ర వేసిన కాగితం పచ్చి అబద్ధం. ఇంకో పది రోజులైతే ఆ కాగితంతోనే పెట్టెలు ఓడ ఎక్కేవి.  ఫుమియో పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

సంగతి విని షాచో పరుగున వచ్చాడు. "గీకెయ్యండి ఆ పొర! ఇవ్వాళే!"

"గీకండి. పొరతో పాటు నన్నూ గీకి పారెయ్యండి" అన్నాడు ఇసోబె, మూత బిగిస్తూ.

అప్పుడు మాట్లాడింది ఫుమియో. "గీకొద్దు షాచో. గీకితే రెండేళ్లలో తుప్పు పట్టి, మన పేరే చెడుతుంది. అనుమతి అడుగుదాం. మిల్లుకు నేను రాస్తాను."

"ఇస్తారా?" అని షాచో కుజే వైపు తిరిగాడు.

"ఇస్తారని నేను చెప్పలేను. ఎలా అడగాలో చెప్పగలను."

మిల్లువాళ్లు ఆగస్టు ఆఖరు వరకు ఆగుతామన్నారు. ఆ తర్వాత వేరేచోట కొనుక్కుంటామన్నారు. చేతిలో పది వారాలు. పంపులు ఏ గదిలో పెడతారు, ఏం తోడతారు, మిల్లు ఎవరిది, పంపు ఇంకొకరికి అమ్మబోమని హామీ ఎవరిస్తారు, ఇవన్నీ ఫుమియో ఉత్తరాలు రాసి రాబట్టింది. కుజే ఆమె చేతిలోంచి కలం ఒక్కసారీ తీసుకోలేదు. "నేను రాసిస్తే మళ్లీ ఏడు మళ్లీ నేనే కావాలి" అనేవాడు. తప్పు రాసినచోట పెన్సిలుతో సున్నా చుట్టి, ఆమే పట్టుకునేదాకా టీ చప్పరిస్తూ కూర్చునేవాడు.

అందరికంటే నరకం ఇసోబెకు. ప్రతి పంపులో తాను ఏమేం మార్చాడో చెప్పాలి, ఫుమియో రాసుకోవాలి.

"పొర ఒక్కటేనా, ఇసోబె సాన్?"

"ఒక్కటే."

"నిజం చెప్పండి."

"బేరింగు కాస్త మంచిది వేశాను."

"ఇంకా?"

"పోలీసు స్టేషనులో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు, ఫుమిచాన్!"

ఇంకో రెండు బయటపడ్డాయి. అవి జాబితాకు సంబంధించినవి కావని కుజే తేల్చాడు. ఇరవై ఆరేళ్లుగా తాను రాసిన ఆర్డర్ల వెనక ఈ మనిషి చడీచప్పుడు లేకుండా ఎంత కలిపి పంపాడో ఫుమియోకు అప్పుడు తెలిసింది. ఇక నుంచి ఏ మార్పు చేసినా మూత బిగించకముందే ఆమెకు చెప్పాలని షెడ్డులో కట్టుబాటు పెట్టారు. ఇసోబె నెలరోజులు ముఖం మాడ్చుకుని, ఆపైన అలవాటు పడ్డాడు.

దరఖాస్తు జులైలో వెళ్లింది. అదే వారం కుజే ఐదో రాక కూడా అయిపోయింది. ఫుమియో బియ్యపు అప్పచ్చుల డబ్బా చేతిలో పెట్టబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"కానుకలు పుచ్చుకోకూడదని నిబంధన."

"టీ మాత్రం ఐదుసార్లూ తాగారుగా, సెన్సే."

"టీ మీద నిబంధన ఉన్నట్టు నేను చదవలేదు. ఉంటే చెప్పకండి."

ఆగస్టు పంతొమ్మిదిన అనుమతి వచ్చింది. ఇరవై రెండున పెట్టెలు లారీ ఎక్కి ఓడరేవుకు వెళ్లాయి. పాత కాగితాన్ని చింపి, నిజం రాసిన కొత్తదాన్ని ఫైలులో పెట్టాక, ఫుమియో కుజేను పంపిన ప్రభుత్వ కార్యాలయానికి ఫోను చేసింది. ఎత్తింది ఎవరో కుర్ర అధికారిణి.

"ఫిర్యాదా అండీ?" అంది ఆ పిల్ల బెదురుగా.

"కాదమ్మా. థాంక్స్ చెబుదామని."

కాసేపు అవతల కాగితాల గలగల. "దానికి మా దగ్గర ఫారం లేదండీ..."

"అయితే ఒక తెల్లకాగితం తీసుకో. నేను చెబుతాను, రాసుకో" అంది ఫుమియో. కుర్చీ ముందుకు జరుపుకుని, కుజే పేరు ఏ అక్షరాలతో రాయాలో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.