ఓకే నొక్కడానికి హౌరా వంతెన మీదుగా

ఒక్క బటన్ నొక్కడానికి హౌరాలోని టికియాపారా నుంచి కలకత్తాలోని డల్హౌసీ దాకా నడిచిన మహానుభావుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. కాళ్ళ నొప్పి రెండు రోజుల్లో పోయింది. నా వల్ల ఒకమ్మాయి ఉద్యోగం చెయ్యి జారిందన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక జనపనార కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఆఫీసు మెయిళ్ళన్నీ అక్కడే నాకంటే ముందునుంచీ పనిచేస్తున్న సామ్యేలు మావయ్యగారి యూనిక్స్ యంత్రం మీద నడిచేవి. ఆయనది మా వీధే, నాకా ఉద్యోగం చెప్పించిందీ ఆయనే. కొత్త సర్వర్ కొనాల్సి వచ్చేసరికి, ఆ కృతజ్ఞతతోనే కాబోలు, నేను విండోస్ కావాలని పట్టుబట్టాను.

మేనేజర్ ఘోషాల్‌దా ముందు పంచాయితీ పెట్టాం.

“మీ యంత్రం మొహం చూడండి మావయ్యగారూ! నల్ల తెర, తెల్ల అక్షరాలు. మౌసైనా లేదు.”

“ఉత్తరాలు మోసీదానికి కాళ్ళుండాల గానీ మొకంతో ఏటి పని బాబూ?”

నేను రంగురంగుల తెర చూపించాను. “బాహ్, ఖూబ్ శుందొర్!” అన్నాడు ఘోషాల్‌దా. మెయిల్ సర్వర్ ఎంపిక కాస్తా అందాల పోటీ అయి, మావయ్యగారు ఓడిపోయారు.

“సరే, నీ ఇష్టం. ఒక్క మాట. శుక్రారం మా అమ్మాయి రూతుకి వైజాగ్ ఆసుపత్రోళ్ళు నా అడ్రసుకి మెయిలు పంపుతారట. సాయంత్రం అయిదులోగా జవాబు రాకపోతే నర్సు పని ఇంకోలకి ఇచ్చేస్తారట. ఇప్పట్లాగే ఇంట్లోంచి చూసుకోడానికి అవుద్ది గదా?”

“కాలు మీద కాలేసుకుని చూసుకోండి!”

శుక్రవారం బంద్. కలకత్తాలో బంద్ అంటే ఇంట్లో మాంసం కూర, వీధిలో క్రికెట్టు. మర్నాడు ఎవరూ ఆఫీసుకి రారు గనక గొడవుండదని, తెలివిగా గురువారం సాయంత్రమే కొత్త సర్వర్‌కి మార్చేశాను. కరెంటు పోయి వస్తే తనంతట తానే పని మొదలుపెట్టాలా అని అది అడిగింది. సరిగ్గా చదవకుండానే ‘తర్వాత’ నొక్కి ఇంటికి పోయాను.

శుక్రవారం పొద్దున్న కరెంటు పోయి వచ్చింది. మధ్యాహ్నం మావయ్యగారు మా గుమ్మంలో నిలబడ్డారు.

“ఏటి బాబూ, నీ సర్వర్ పలకట్లేదు?”

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, జవాబు మెయిల్లోనే కావాలన్నారు. వాళ్ళింటి కంప్యూటర్‌కి ఆఫీసు సర్వర్ తప్ప బయటికి వేరే దారి లేదు. బంద్ కదా, సైబర్ కేఫులన్నీ మూత. ఇద్దరం నడక మొదలెట్టాం. వంతెన మీద జెండా పట్టుకున్న ఒకాయన అడ్డొచ్చాడు.

“కాజ్ కొర్తే జాచ్ఛేన్?” పనికి వెళ్తున్నారా అని.

“పని కాదు దాదా, ఒక బటన్ నొక్కొచ్చేస్తాం.”

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వదిలేశాడు. తీరా వెళ్తే ఆఫీసు గేటుకి జెండా, దాని కింద తాళం. తాళంచెవి యూనియన్ వాళ్ళ దగ్గరుందట. సాయంత్రం ఆరుకి బంద్ ముగిశాకే తీస్తారని గేటు దగ్గర కాపలా ఉన్న దర్వాన్ చెప్పాడు.

మెట్ల మీద కూర్చున్నాం. అయిదయింది. మావయ్యగారు వాచీ విప్పి జేబులో వేసుకున్నారు.

ఆరు దాటాక లోపలికి పరిగెత్తాను. అందమైన తెర మీద, అందమైన పెట్టె ఒకటి ‘ఓకే’ నొక్కమని పొద్దుట్నుంచి ఎదురుచూస్తోంది. నొక్కాను. మెయిళ్ళు బిలబిలా వచ్చిపడ్డాయి. వాటిలో రూతు పేరు మీద వచ్చింది కూడా ఉంది. వెంటనే జవాబు పంపాం. సోమవారం వాళ్ళ దగ్గర్నుంచి మర్యాదగా ‘క్షమించాలి’ అని వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. రూతు కప్పు తెచ్చి నా ముందు పట్టుకుని, ఇవ్వకుండా అలాగే నిలబడింది.

“టీ ఉంది అన్నా. ముందు ఓకే నొక్కు.”

మావయ్యగారు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అందుచేత సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: మొహం చూసి ఇక ఏ యంత్రాన్నీ ఎన్నుకోను. ‘తర్వాత’ అన్న బటన్ జోలికి బొత్తిగా పోను.