మా ఆవిడ పేరు మీది కారు

మా బావ ఏ వస్తువునైనా వేలితో తట్టి చూడందే ఒప్పుకోడు. తలుపైనా, బిందెయినా, పుచ్చకాయైనా సరే. బావంటే మా అక్క మొగుడు; నన్నూ ఆయన బావా అనే పిలుస్తాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మేనేజరు. రోజంతా యంత్రాల మధ్య తిరిగే మనిషి కనుక ఇనుము సంగతి వస్తే ఆయన మాటే మా ఇంట్లో ఆఖరి మాట. నేను పోర్టులో గుమాస్తాని. నాకు తెలిసిందల్లా ఫైళ్లే.

ఎనభైల్లో ఊరంతా చిన్న కారు గొడవే. అంతవరకూ మాలాంటివాళ్లకి కారంటే ఎవరో వాడి వదిలేసిన ముసలి బండే గతి. కొత్త కంపెనీ చిన్న కారు వచ్చిందన్నారు. ముందు కొంత డబ్బు కట్టి పేరు రాయించుకోవాలి, లాటరీలో నంబరు రావాలి, ఆపైన వంతు కోసం ఎదురుచూడాలి. మా సెక్షన్లో అందరూ పెళ్లాల పేర్ల మీదే దరఖాస్తు పెట్టారు, ఆడవాళ్ల పేరుకి అదృష్టం ఎక్కువని. నేనూ మా ఆవిడ పేరే రాశాను. అంతకుమించి నాకే ఉద్దేశమూ లేదు, నిజం చెప్పాలి.

ఆవిడకి మాత్రం ఉంది. గోదావరి జిల్లా నుంచి వచ్చి గోపాలపట్నం బడిలో టీచరుగా చేరిన మనిషి. ఒక వానాకాలం నా స్కూటరు వెనక నుంచి జారిపడి మోకాలి చిప్ప పగిలింది. ఆ తర్వాత స్కూటరెక్కాలంటే భయం, బస్సెక్కాలంటే నొప్పి. కంపెనీవాళ్ల రంగుల కాగితం ఒకటి తెచ్చిస్తే బీరువాలో దాచుకుంది. ఆ బండి కుర్రాళ్ల కోసమే చేసినట్టుండేవి అందులో బొమ్మలన్నీ. ఒక బొమ్మలో స్టీరింగు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"చూశారా, ఆ పిల్లే నడుపుతోందండి," అంది. "మనకి నంబరొస్తే నేనూ నేర్చుకుంటాను. బడికి నా అంతట నేనే వెళ్లిపోతాను."

సరే, నేర్చుకుందువుగానిలే అన్నాను.

నంబరు వచ్చింది. ఆ ఆదివారమే బావ నన్ను బీచి రోడ్డుకి తీసుకెళ్లాడు. స్టీలు ప్లాంటు ఆఫీసరొకాయన కొన్న అలాంటి కొత్త కారు అక్కడ ఆగి ఉంది. బావ దాని తలుపు మీద రెండుసార్లు తట్టాడు. టంగుటంగుమంది.

"ఇదేటి బావా, రేకు డబ్బా! మన ఉప్పుగాలికి మూడు వానాకాలాలు కూడా ఆగదు. నాను సెప్తన్నాను, రాసుకో. ఇది కుర్రోళ్ల బండి. పెళ్లాం పిల్లలున్నోడికి ఇదెందుకు?"

మా ఊళ్లో ఉప్పుగాలి మాటెత్తితే ఇక వాదన ఉండదు. కిటికీ చువ్వలు, సైకిళ్లు, కుర్చీ కాళ్లు, అన్నిటినీ తినేస్తుంది. అద్దె ఇల్లు చూడ్డానికెళ్లినా ముందు తుప్పే చూస్తాం. నేను గంగిరెద్దులా తలూపాను.

అక్కణ్ణుంచి పూర్ణా మార్కెట్ వెనకాల ఒక షెడ్డుకి తీసుకెళ్లాడు. అందులో అమ్మకానికి పెట్టిన ముసలి కారు నిగనిగలాడుతోంది. తట్టాడు. దబ్‌దబ్‌మంది.

"ఇన్నావా బావా? అదీ మందం అంటే."

నేనూ తట్టాను. నిజమే అనిపించింది.

"ఆ నంబరు కాగితం నాకియ్యి," అన్నాడు. "రద్దు సేయించేసి, నువ్వు కట్టింది ఎనక్కి తెచ్చేస్తాను. సెల్లెమ్మ సేత సంతకం పెట్టించు, సాలు."

ఆవిడ పప్పులో తాలింపు వేస్తుండగా కాగితాలు పట్టుకెళ్లాను. ఏమిటండీ అంది. కారు కాగితాలే అన్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని, మొహమంతా నవ్వుతో, గబగబా సంతకం పెట్టింది. ఆ నవ్వు ఎందుకో తెలిసి కూడా నేను నోరు మెదపలేదు. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను.

ముసలి కారు కొని ఇంటికి తెచ్చాక, నంబరు రద్దు చేయించేశామని చెప్పాను. ఆవిడ ఒక్కసారి డ్రైవరు సీట్లో కూర్చుని రాయిలా బిగుసుకున్న క్లచ్చి తొక్కి చూసింది. మోకాలు సహకరించలేదు, దిగిపోయింది. మొదటి వానకే తలుపుల నుంచి అప్పడాలంత పెచ్చులు ఊడిపడ్డాయి. రేకు ఎప్పుడో తుప్పుతిని పోతే, లప్పం కూరి పైన రంగేశారు. దబ్‌దబ్‌మన్నది ఆ లప్పమే. పైన పటారం, లోన లొటారం.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం బావా అక్కా మా వీధిలో కారు దిగారు. సరికొత్త చిన్న కారు, ముందు బంతిపూల దండ.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"రద్దు సేద్దామనే ఎల్లాను బావా. వొచ్చిన నంబరు వొదులుకోడం ఎందుకులే అనిపించింది. ఎవరింట్లో ఉంటే ఏటి? సెల్లెమ్మ పేరు మీదే ఉంది, కావాలంటే సూసుకో."

"మరి ఉప్పుగాలి?"

"అడుగున తారు పూయించేశాను," అన్నాడు, నా భుజం తట్టి.

నాకు ఒళ్లు మండిపోయింది. కంపెనీ తిరిగిచ్చిందని అప్పుడు నా చేతిలో పెట్టిన డబ్బు ఆయన జేబులోదేనన్నమాట. వాళ్లు వెళ్లాక ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. సొంత అక్క మొగుడు, నమ్మించి గొంతు కోశాడన్నాను. రేపే వెళ్లి తాళాలు లాక్కొస్తానన్నాను.

ఆవిడ పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. తలెత్తకుండానే అంది: "ఆయన మిమ్మల్ని మోసం చేశారు, సరే. నా చేత సంతకం పెట్టించిందెవరండీ?"

ఆవిడ ఇంకో నోటుబుక్కు తెరిచింది.

"ఆ రోజు నా కారొచ్చిందనుకున్నాను. బావగారిని అడిగారు, ఊరంతా తిరిగి తట్టి చూశారు. నన్ను ఒక్క మాటడిగారా?"

తాళాల కోసం నేను వెళ్లలేదు. బావతో మాత్రం ఆరేళ్లు మాట్లాడలేదు. ఆవిడ నాతో మర్నాటి నుంచీ మామూలుగానే మాట్లాడింది, మామూలుగానే బస్సులో బడికెళ్లింది. కానీ ఆ తర్వాత నేను ఏ కాగితం మీద సంతకం అడిగినా, పిల్లల మార్కుల కార్డయినా సరే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది. ఆవిడ చదివినంతసేపూ నేను కలం పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి.