కోపం రుజువు కాదు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా వేళ్ళకు తగిలితే చాలు, గురజాలలో తహసీల్దారు ఆఫీసు ఎదుట అర్జీలు రాసే ఖాసిం బాబాయి గుర్తొస్తాడు. జిరాక్స్ కొట్టు అరుగు మీద ఇనుప కుర్చీ, మోకాళ్ళ మీద అట్ట. ఆయన మీద నాకు ఒక కోపం ఇంకా ఉంది. అది కూడా చెబుతాను.

మా మిరప చేనుకు పోయే డొంకకు అడ్డంగా పక్క చేను వీరయ్య రాళ్ళు పాతి కంచె వేశాడు. ట్రాక్టరు పోయే దారి అదొక్కటే. కోతలకు రెండు నెలలే ఉంది. నేనే మూడు పేజీల అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చాను. వీరయ్య నన్ను ఎప్పుడెప్పుడు ఏమన్నాడో, వాళ్ళ అమ్మాయి పెళ్ళి భోజనాల్లో నన్ను రెండో పంక్తి దాకా ఎలా నిలబెట్టాడో, ఒక్కటీ వదల్లేదు. పాత కక్షలు పెద్దల దగ్గర తేల్చుకోమని జవాబు వచ్చింది. డొంక ఊసే లేదు. ఆ కాగితమూ, నా అర్జీ నకలూ పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాను.

ఆయన రెండూ చదివి, "నేనే వీరయ్యననుకో. అడుగు," అన్నాడు.

"డొంకకి అడ్డంగా కంచె ఎందుకేశావు?"

"మీ గొడ్లు నా చేలో పడతన్నయ్. అయినా ఇస్తరాకు కోసం ఏడ్చినోడివి, నీతో మాటలేంది?"

"ఏడ్చింది నేనా? గంటసేపు నిలబెట్టింది నువ్వు! పెద్దమనిషివా?"

"చూశావా," అన్నాడు బాబాయి. "గొడ్ల మాట వదిలేసి ఇస్తరాకు ఎంట పోయావు. వాడిక్కావాల్సిందీ అదే. బస్సులో సీటు తగాదా అయినా, ఇంట్లో అత్తాకోడళ్ళ పోరైనా ఇంతే. నువ్వు అడిగేది ఒకటి, దానికి రుజువు ఒకటి, ఎదుటోడి సాకుకి జవాబు ఒకటి, ఈ మూడే చాలు. నీ కోపం రుజువు కాదురా."

ఆ చివరి మాట పక్కన టీ తాగుతున్న నలుగురి ముందు అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఇంకా ఉందన్న కోపం అదే. వారం రోజులు నేను ఆ వైపు తొంగిచూడలేదు. కానీ చేలో కాయ ఎరుపెక్కుతోంది. మళ్ళీ వెళ్ళాను.

"కోపం తగ్గిందా?"

"తగ్గలా. అర్జీ రాయి బాబాయ్."

"తగ్గకపోయినా పర్లేదు. ఇంట్లో పెట్టిరా, ఎక్కడికీ పోదు."

కాగితాన్ని నిలువునా మడిచి, వీరయ్య చెప్పగల మాటలన్నీ నా చేతే చెప్పించి ఎడమవైపు రాశాడు. కుడివైపు నా జవాబులు. గొడ్లు పడుతున్నది నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది. అది మింగుడుపడటానికి చాలాసేపు పట్టింది. చివరికి అర్జీ ఆరు వరుసలకు వచ్చింది: గ్రామ పటంలో డొంక ఉంది, దాని మీద కంచె ఉంది, తీయించండి. గొడ్లు పోకుండా అంచున ముళ్ళకంప నేనే వేస్తాను.

ఆ అర్జీ మీద సర్వేయరు కొలతకు వచ్చిన రోజు వీరయ్య అందరి ముందు, "మీ నాయన కాలం నుంచీ మీకు మా పొలం మీదే కన్ను," అన్నాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. "పటంలో డొంక ఉందా లేదా చెప్పు," అన్నాను. మళ్ళీ తిట్టాడు. మళ్ళీ అదే అడిగాను. మూడోసారికి సర్వేయరే, "ఉందా లేదా వీరయ్యా?" అన్నాడు. సాయంత్రానికి రాళ్ళు లేచాయి. ఆ ఏడాది కాయ ట్రాక్టరు మీదే ఇల్లు చేరింది.

ఖాసిం బాబాయి పోయి రెండేళ్ళు. ఇప్పటికీ తగాదాకు బయలుదేరే ముందు ఎదుటివాడి మాటలు నేనే పైకి చెప్పుకుంటాను. ఒక్కోసారి వాటిలో న్యాయం కనిపిస్తుంది. ఆ రోజు ఇంట్లోనే ఉండిపోతాను. కనిపించని రోజున చెప్పులు వేసుకుంటాను.