మార్చి అతికించిన చీటీలు

మొన్న ఉప్పల్‌లో మా కాలేజీ క్లాసులో కొత్త మార్కర్ మూత తీయగానే ఘాటైన వాసన గుప్పుమంది. జైలీన్ అనే రసాయనం వాసన. ఒకప్పుడు గబ్బిలాల కణజాలంతో స్లైడ్లు చేసే రోజుల్లో నా చేతులను వదిలేది కాదు. ఏం రాయబోయానో మరిచిపోయాను, కామేశ్వరి మేడం గుర్తొచ్చారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నేను ఆమె దగ్గర పరిశోధన విద్యార్థిని. మాది భువనగిరి. ఆమెది కాకినాడ, కాపురం రామంతాపూర్‌లో. మగ గబ్బిలాల ఒంట్లో ఋతువులను బట్టి వచ్చే మార్పులు మా అంశం. అనుమతి తీసుకుని, నాచారంలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డు నుంచి నెలకు రెండింటిని పట్టుకొచ్చేవాళ్ళం. అక్కడి వాచ్‌మన్ యాదయ్యకు మేమొక వింత. "ఏంది మేడం, అన్నీ మొగయే పడ్తున్రు? ఆడయి ఏం పాపం జేసినయి?" అనేవాడు. "వాటిని ఇంకో అమ్మాయికి ఇచ్చానయ్యా" అని మేడం నవ్వేవారు. చేతితొడుగుల్లో కూడా గబ్బిలాన్ని ఆమె పసిగుడ్డును పట్టుకున్నట్టే పట్టుకునేవారు.

మేడం రాసిన డిగ్రీ పాఠంలో, ఈ జాతి చలికాలంలో జతకడుతుందనీ, మగవాటి వృషణాలు బాగా పెరిగేది కూడా అప్పుడేననీ ఉండేది. నేనూ అదే చదువుకుని పాసయ్యాను. కానీ నా స్లైడ్లు తలకిందులుగా వచ్చాయి. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబర్‌లో నిండుగా ఉన్న వృషణాలు డిసెంబర్‌కు ముడుచుకుపోయాయి. అదే డిసెంబర్‌లో అవి జతకట్టడం షెడ్డులో కళ్ళారా చూశాను. చూసింది తప్పా, కోసింది తప్పా, చదివింది తప్పా? వారం రోజులు అవే స్లైడ్లు మళ్ళీ మళ్ళీ చూశాను. చివరికి ఒక మధ్యాహ్నం, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, సెప్టెంబర్, డిసెంబర్ స్లైడ్ల మీది నెల చీటీలు పీకి అటువి ఇటు, ఇటువి అటు అతికించేశాను.

మర్నాడు మేడం డిసెంబర్ చీటీ ఉన్న స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు.

"డిసెంబర్ గబ్బిలాన్ని పట్టుకున్నది నేనేనమ్మా. వృషణాలు చేతికి ఇంత పెద్దగా తగల్లేదే?"

"నేనే మార్చిన మేడం. నాకేం సమజైతలేదు. మీ పాఠంల అట్ల లేదు గద."

ఆమె కోప్పడలేదు. వృషణానికి ఆనుకుని మెలికలుగా ఉండే నాళం స్లైడు, డిసెంబర్‌దే, తెమ్మన్నారు. చూస్తే అందులో శుక్రకణాలు కిక్కిరిసి ఉన్నాయి. ముందే తయారుచేసుకుని, దాచిపెట్టుకుని, చలికాలంలో వాడుకుంటున్నాయన్నమాట.

"అయితే పాఠమే తప్పు" అన్నారు మేడం నెమ్మదిగా. "నేనెప్పుడూ ఈ నాళం కోసి చూడలేదు."

ఆ పుస్తకం చెప్పే కాలేజీలన్నిటికీ తప్పు దిద్దుతూ ఆమె స్వయంగా ఉత్తరాలు రాశారు. ఆ ఏడాది ఆమె మా విభాగానికి అధిపతి కావలసింది, కాలేదు. తన పాఠమే తప్పని ఒప్పుకున్న మనిషికి ఎలా ఇస్తారన్నారు కొందరు. ఆంధ్రా ఆమె కాబట్టే ఇవ్వలేదన్నారు ఇంకొందరు. నా స్లైడ్లే ఆమె కొంప ముంచాయా? ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. నా చీటీల సంగతి మాత్రం ఆమె ఎక్కడా ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆమె రిటైరయ్యారు. గది సర్దుతుంటే ఉండబట్టలేక అడిగాను. "మేడం, నా తప్పేమో దాచిన్రు. మీ తప్పు ఊరంత చాటుకున్నరు. ఎందుకట్ల?"

"నీది ఈ గది దాటలేదు. నాది ఎంతమంది పిల్లలు పరీక్షల్లో రాశారో" అన్నారు, పుస్తకాలు కట్ట కడుతూ.

అది న్యాయమో, నా మీద జాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నా విద్యార్థుల రికార్డుల్లో దొంగ కొలతలు కనబడితే మాత్రం ఒక్కరినే పిలిచి మాట్లాడతాను. నేను పాఠం తప్పు చెప్పానని తెలిస్తే, మర్నాడు క్లాసంతా వినేలా చెప్పి దిద్దుకుంటాను. ఇన్నేళ్ళయినా, ఆ రెండో పనికి ముందు ప్రతిసారీ మార్కర్ మూత తీసి, పెట్టి, మళ్ళీ తీస్తాను.